గుయ్యిమనే గిటారూ, మూడో పిన్నూ

మా చెల్లెలి కొడుకు ఇంటరు పరీక్షలు రాసేసి వేసవి సెలవలకి మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. వీపుకి తగిలించుకున్న నల్లటి సంచీలో ఒక ఎలక్ట్రిక్ గిటారూ, చేతిలో ముక్కాలిపీటంత ఆంప్లిఫయరూ వెంటబెట్టుకొచ్చాడు. "నీకేం ఇబ్బంది ఉండదు పెద్దమ్మా, మేడ మీద గదిలో వాయించుకుంటాను" అని మాట కూడా ఇచ్చాడు.

సాయంత్రం వంటింట్లో పోపు వేస్తూంటే మేడ మీద నించి గుయ్యిమని ఒకటే రొద. తుమ్మెదల పట్టేదో కదిలిందేమో అనుకున్నాను. పైకి వెళ్ళి చూస్తే మావాడు గిటారు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. చెయ్యి తీగల మీద లేదు. అయినా రొద ఆగలేదు.

"ఇదేమిట్రా, ఇంకా వాయించకుండానే ఈ గోల?"

"అదే హమ్ పెద్దమ్మా! మీ ఇంట్లో మరీ ఎక్కువగా ఉంది. పటకారు ఉందా?"

"ఎందుకూ?"

"ప్లగ్గులో పైనున్న లావు పిన్ను విరిచేస్తే పోతుందట. మా ఫ్రెండు చెప్పాడు."

నా గుండె ఝల్లుమంది. ఆ లావు పిన్ను సంగతి నాకు అనుభవం మీద తెలుసు. వెనకటికి మేం అద్దెకున్న ఇంట్లో వెట్ గ్రైండరు ముట్టుకుంటే చాలు, చెయ్యి చిమచిమలాడేది. "చెప్పులేసుకుని రుబ్బుకోండమ్మా" అని ఇంటివాళ్ళు సలహా ఇచ్చారు. తరవాత వచ్చిన ఎలక్ట్రీషియను ప్లగ్గు విప్పి చూపించాడు. ఆకుపచ్చ తీగ ఎక్కడా తగిలించకుండా గాల్లో వేలాడుతోంది. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడింది మీ చెప్పులేనమ్మా" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సరే, పటకారు బియ్యం డబ్బా వెనక దాచేశాను. దాచేస్తే పిల్లవాడి బాధ తీరదు కదా! అసలీ రొద ఎక్కణ్ణించి వచ్చింది, దీన్ని పోగొట్టడానికి ఎవరెవరు ఎన్ని తిప్పలు పడ్డారు అని చదవడం మొదలుపెట్టాను. సరదాగా మొదలైన కథ మధ్యలో కళ్ళు చెమర్చే చోటికి తీసుకెళ్ళింది. మన ఇళ్ళల్లో అందరం తెలుసుకోవలసిన సంగతి కూడా అందులో ఉంది. అందుకే మీతో చెబుతున్నాను.

1920ల నాటి అమెరికాలో డాన్సు హాళ్ళలో బాకాలూ, డ్రమ్ములూ మోగుతూంటే, ఆ మేళంలో గిటారు వాయించేవాడి గతి పెళ్ళి బాజాల మధ్య వీణ వాయించినట్టుండేది. వేళ్ళు కదలడం కనిపిస్తుంది గాని స్వరం వినిపించదు. లాస్ ఏంజెలిస్‌లో జార్జి బీచమ్ అనే ఆయనకి ఈ బాధ బాగా తెలుసు. ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించే హవాయి గిటారు ఆయన వాయిద్యం. ఒక గుర్రపునాడా అయస్కాంతాల జతా, సన్నని రాగి తీగ చుట్టా పెట్టి, ఉక్కు తీగ కదలికని కరెంటుగా మార్చే కిటుకు ఆయన సాధించాడు. ఆ చుట్ట చుట్టడానికి బట్టలుతికే మెషీను మోటారు ఊడబెరికి వాడుకున్నాడని చెబుతారు. ఇంటి ఇల్లాలు దానికి ఏమన్నదో చరిత్రకెక్కలేదు గాని, మనం ఊహించుకోగలం.

1931లో తయారైన ఆ గిటారు అచ్చం మన వంటింటి వస్తువులా ఉండేది. గుండ్రటి చిన్న ఒళ్ళు, దానికో పొడుగాటి కాడ. అందుకే దానికి ఫ్రయింగ్ పాన్, అంటే పెనం, అనే పేరు పడిపోయింది. 1932 నించి అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి దాన్ని అల్యూమినియంతో పోత పోసి అమ్మడం మొదలుపెట్టారు. పేటెంటు కోసం 1934లో అర్జీ పెడితే, ఇది నిజంగా పనిచేస్తుందా అని పేటెంటు ఆఫీసువాళ్ళకి అనుమానం వచ్చింది. అప్పుడు బీచమ్ బృందం వాదనలకి దిగకుండా హవాయి సంగీత విద్వాంసుల్ని వాషింగ్టన్ పంపి ఆ ఆఫీసర్ల ఎదుటే కచేరీ చేయించింది! 1937లో పేటెంటు వచ్చింది.

ఆ కిటుకు పేరే పికప్పు. గిటారు తీగల కింద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ తల వెంట్రుకంత సన్నని రాగి తీగని వేల చుట్లు చుట్టి ఉంచుతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగి, రాగి చుట్టలో చీమంత కరెంటు పుడుతుంది. ఆ చీమని ఏనుగు చేసే పని ఆంప్లిఫయరుది. మనవాళ్ళకీ ఈ విద్య పరాయిది కాదు. 1969లో మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పసితనంలోనే మాండలిన్ పట్టి, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. మీటిన మరుక్షణం చచ్చిపోయే మామూలు మాండలిన్ నాదం గమకం పూర్తయ్యేదాకా నిలిచిందంటే, అందులో కరెంటు చలవ కూడా ఉంది.

ఇంత బాగున్న చోట చిక్కెక్కడ వచ్చింది? ఆ రాగి చుట్టకి మంచీ చెడూ తెలీదు. చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం ఏది ఊగినా చెవి రిక్కిస్తుంది. మన ఇంటి కరెంటు క్షణానికి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అమెరికాలో అయితే 60 సార్లు. ట్యూబులైటు చోకు, ఫాను రెగ్యులేటరు, ట్రాన్స్‌ఫార్మరు, గోడలో తీగలు, అన్నీ ఆ లెక్కనే గొణుగుతూంటాయి. మన చెవికి అందని ఆ గొణుగుడుని రాగి చుట్ట పట్టేసుకుంటుంది, ఆంప్లిఫయరు దాన్ని ఊరంతా చాటుతుంది.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇక్కడొక తమాషా చెబుతాను. మన ఆడవాళ్ళు చాలామంది పాడే అయిదు శ్రుతి షడ్జమానికి క్షణానికి సుమారు 196 కంపనాలు. యాభైకి నాలుగు రెట్లు రెండు వందలు. అంటే మన దేశపు హమ్ అయిదు శ్రుతికి ఒక్క పిసరు పైన పలుకుతుందన్నమాట. పూర్తిగా శ్రుతిలో ఉంటే తంబురా అనుకుని సరిపెట్టుకుందుము. పూర్తిగా తప్పితే అలవాటు పడిపోదుము. ఆ పిసరు తేడాయే ప్రాణం తీస్తుంది.

ఈ చుట్టలు చుట్టిన చేతుల్ని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1950లో ఎలక్ట్రిక్ గిటార్లు అమ్మకానికి తెచ్చాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారుకి ఒకటి కాదు, మూడు పికప్పులు. ఒక్కోదానికి సుమారు 8000 చుట్లు. ఆ ఫాక్టరీలో 1956లో చేరిన అబిగైల్ ఇబారా అనే ఆవిడ, మెషీను గిర్రున తిరుగుతూంటే తెగిపోయేంత సన్నటి తీగని వేళ్ళ మధ్య నడిపిస్తూ చుట్టేది. తీగని గట్టిగా పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది, వదులుగా పట్టుకుంటే చుట్ట వదులవుతుంది. దీపారాధనకి వత్తి చేసిన చేతులకి ఆ నేర్పు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2013లో ఆవిడ రిటైరయ్యేనాటికి ఆమె చుట్టిన పికప్పులంటే గిటారు వాయించేవాళ్ళు పడిచచ్చేవారు. స్టేజి మీద పేరు ఎవరిదైనా, ఆ నాదం వెనక ఒక ఆడమనిషి వేళ్ళున్నాయి.

అయితే అబిగైల్ చుట్టినా, ఇంకెవరు చుట్టినా ఒంటి చుట్ట పికప్పు గుయ్యిమనక మానదు. ఈ రోగానికి మందు కనిపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు సేథ్ లవర్. 1910లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్ళో పుట్టి, రేడియోలూ, అమెరికా నౌకాదళమూ చూసి వచ్చి, అక్కడి గిబ్సన్ గిటార్ల కంపెనీలో చేరాడు. ఆంప్లిఫయర్లలో హమ్‌ని అణచడానికి వాడే చుట్టల సంగతి ఆయనకి తెలుసు. అదే ఉపాయం గిటారులో ఎందుకు పెట్టకూడదు అనుకున్నాడు.

ఆయన చేసిందల్లా ఒక చుట్ట పక్కన ఇంకో చుట్ట పెట్టడమే. కాని రెండోది తిరగేసి కలిపాడు. దాని కింద అయస్కాంతం ధ్రువాన్ని కూడా తిరగేశాడు. కూరగాయలమ్మి తక్కెడ గుర్తు తెచ్చుకోండి. రోడ్డు మీది దుమ్ము రెండు పళ్ళాల్లోనూ సమానంగా పడుతుంది, ముల్లు కదలదు. వంకాయలు ఒక పళ్ళెంలోనే ఉన్నాయి కాబట్టి అటు మొగ్గుతుంది. ఇదీ అంతే. గాల్లోంచి వచ్చే రొద రెండు చుట్టల్లోనూ ఒకేలా పడుతుంది. చుట్టలు ఎదురెదురుగా కలిపారు కనక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తీగ నాదం మాత్రం అయస్కాంతం కూడా తిరగబడింది కనక రెండు తిరగేతలు కలిసి తిన్నగా వచ్చి, కొట్టుకుపోకుండా కలిసిపోతుంది. ఇద్దరు తోడికోడళ్ళు పోట్లాటల్లో ఎడమొహం పెడమొహమైనా పండగ పనుల్లో ఒకటయినట్టు!

హమ్‌ని ఎదిరించేది కాబట్టి దానికి హంబకర్ అని పేరు పెట్టారు. 1955లో పేటెంటుకి అర్జీ పెట్టారు, 1957 నించి గిటార్లలో బిగించారు, పేటెంటు మాత్రం 1959లో గాని రాలేదు. ఆ మధ్యకాలంలో పికప్పు అడుగున "పేటెంటుకి దరఖాస్తు చేశాము" అని చిన్న చీటీ అంటించేవారు. ఆ చీటీ ఉన్న పాత గిబ్సన్ గిటార్లు కొన్ని ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. పేటెంటు వచ్చాక కంపెనీవాళ్ళు పికప్పుల మీద వేసిన నంబరు చూస్తే నవ్వొస్తుంది. అది పికప్పుది కాదు, తీగల్ని బిగించే ఇంకేదో భాగానిది! కాపీ కొట్టేవాళ్ళని దారి తప్పించడానికే అలా వేశారని కొందరంటారు. దాదాపు అదే కాలంలో రే బట్స్ అనే ఆయన కూడా గ్రెచ్ కంపెనీ గిటార్ల కోసం విడిగా ఇలాంటి పికప్పే తయారు చేశాడు. మంచి ఆలోచనకి కాలం వచ్చినప్పుడు రెండు ఇళ్ళల్లో ఒకేసారి దీపం వెలుగుతుంది కాబోలు.

మరి అందరూ హంబకర్లే వాడొచ్చు కదా అంటారేమో. తీగ నాదాన్ని రెండు చోట్ల పట్టి కలపడం వల్ల రొదతో పాటు ఆ గలగలమనే సన్నటి మెరుపు కూడా కొంత పోతుంది. చింతపండు రసం వడకడితే పిప్పితో పాటు కాస్త రుచీ పోయినట్టు. అందుకే ఒంటి చుట్ట గిటార్లు ఇంకా బతికున్నాయి. అవి వాయించేవాళ్ళు లోపలి గూటికి రాగి రేకు అతికించి, ఆ రేకుని ఎర్తు తీగకి కలుపుతారు. గాల్లోని కరెంటు గోల ఆ రేకుకి తగిలి ఎర్తులోకి పోతుంది. గిటారు లోహపు తీగల్ని కూడా ఒక సన్న వైరుతో అక్కడికే కలుపుతారు. మన ఒళ్ళు కూడా ఒక ఏరియల్ లాంటిదే. తీగ మీద చెయ్యి వేస్తే ఒళ్ళు కూడా ఎర్తుకి కలిసి, రొద చటుక్కున తగ్గుతుంది.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. రొద తగ్గించే ఆ చిన్న వైరు వాయించే మనిషిని ఆంప్లిఫయరు రేకు పెట్టెతో ముడివేస్తుంది. ఆంప్లిఫయరు బాగుండి, ఎర్తు బాగుంటే ఫరవాలేదు. లేకపోతే?

1965 డిసెంబరు 4న అమెరికాలోని శాక్రమెంటో ఊళ్ళో రోలింగ్ స్టోన్స్ కచేరీ జరుగుతోంది. కీత్ రిచర్డ్స్ గిటారు మైకు స్టాండుకి తగిలింది. భళ్ళుమని నిప్పురవ్వ, మనిషి నేల మీద. చచ్చిపోయాడనే అనుకున్నారు. బతికాడు. మందమైన రబ్బరు అడుగున్న బూట్లే కాపాడాయని చెప్పారట. మా వెట్ గ్రైండరు కథలో చెప్పుల్లాగే!

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 1972 మే 3న వేల్స్ దేశంలోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ అనే బృందం కచేరీ. గిటారు వాయించే లెస్లీ హార్వీకి అప్పటికి 27 ఏళ్ళు. ఒక చెయ్యి గిటారు తీగల మీద ఉంది. ఎర్తు సరిగ్గా లేని మైకుని రెండో చేత్తో ముట్టుకున్నాడు. చేతులు తడిగా ఉన్నాయి. జనం చూస్తూండగా స్టేజి మీదే ప్రాణం పోయింది. 1976 మేలో లండన్ దగ్గర తన ఇంట్లోనే గిటారు వాయించుకుంటూ కీత్ రెల్ఫ్ పోయాడు. యార్డ్‌బర్డ్స్ బృందంలో పేరుపడ్డ గాయకుడు. వయసు 33. అక్కడా కారణం ఎర్తే. ఆ వార్త చదివాక పుస్తకం మూసేసి, మేడ మీద గది వైపు చూస్తూ కాసేపు కూర్చుండిపోయాను.

ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఆంప్లిఫయర్లకి రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. హమ్ తగ్గడానికని కరెంటు తీగకీ, రేకు పెట్టెకీ మధ్య ఒక చిన్న కెపాసిటరు పెట్టేవారు. అది చెడిపోయిందంటే కరెంటు నేరుగా పెట్టెకీ, అక్కణ్ణించి గిటారు తీగలకీ వచ్చేస్తుంది. వాద్యాలు బాగుచేసేవాళ్ళు దానికి పెట్టిన పేరు చావు కెపాసిటరు. మూడు పిన్నులొచ్చాక ఆ బాధ తీరాలి. కాని రెండు మెషీన్లని రెండు వేర్వేరు సాకెట్లలో పెట్టి మధ్యలో తీగ కలిపితే, ఎర్తుకి రెండు దార్లు ఏర్పడి ఆ చుట్టుదారిలో మళ్ళీ హమ్ పుడుతుంది. అప్పుడు తెలివైనవాడెవడో మూడో పిన్ను తీసేసి చూశాడు. రొద పోయింది. ఆ చిట్కా ఆ నోటా ఈ నోటా పాకి మా మేడ మీదికి కూడా వచ్చింది!

మూడో పిన్ను మిగతా రెండిటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే ఆఖర్న వదలాలి. పండగ భోజనాల్లో ఇంటి పెద్దకోడలిలా అందరికన్నా ముందు లేచి, అందరికన్నా వెనక పడుకుంటుంది. రోజూ దానికి పనేమీ ఉన్నట్టు కనిపించదు. మెషీను లోపల కరెంటు తీగ ఊడి రేకుకి తగిలిన ఆ ఒక్క క్షణంలో, మన ఒంట్లోంచి పోవలసిన కరెంటుని తనలోంచి భూమికి పంపి ఫ్యూజు ఎగరగొడుతుంది. అలాంటి దాన్ని, గుయ్యిమంటోందని విరిచేస్తామా?

అంతా చదివాక ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. ఆయన మేడ మీది సాకెట్టు విప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. ఎర్తు తీగ స్క్రూలోంచి ఊడిపోయి ఉంది. అంటే మావాడు విరుద్దామనుకున్న పిన్నుకి అసలు ఏ ఆధారమూ లేదు! మా ఇంట్లో రొద ఎక్కువగా ఉండటానికి కారణం ఎర్తు ఉండటం కాదు, లేకపోవటం. తీగ బిగించాడు. ఆ తరవాత పెరట్లో ఎర్తింగు గుంట దగ్గరకి తీసుకెళ్ళాడు. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఆ గుంట ఎండలకి ఎండిపోయి బీటలు వారి ఉంది. "వేసవిలో దీనిక్కూడా నాలుగు బిందెల నీళ్ళు పోస్తూండండమ్మా. తడి ఉంటేనే ఎర్తు పనిచేస్తుంది" అన్నాడు. తులసి కోటకి రోజూ నీళ్ళు పోస్తాను గాని దీని సంగతే మరిచిపోయాను. పోతూ పోతూ మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా బిగించి వెళ్ళాడు. కరెంటు దారి తప్పి పారితే వెంటనే కట్టేస్తుందట.

మావాడు ఆంప్లిఫయరు పెట్టాడు. ట్యూబులైటు ఆర్పించాను. ఫోను చార్జరు పక్కకి తీయించాను. గిటారు పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరగమన్నాను. తూర్పు వైపు తిరిగితే రొద బాగా సన్నగిల్లింది. రాగి చుట్టకి దిక్కు కూడా పట్టింపే మరి. మిగిలిందల్లా చెవి పెట్టి వింటే వినిపించే చిన్న గొణుగుడు.

"ఇది కూడా పోవాలంటే హంబకరు వేయించాలి పెద్దమ్మా" అన్నాడు మొహం వెలిగిపోతూ.

"వేయించుకో. మీ నాన్ననడుగు" అన్నాను.

పటకారు ఇంకా బియ్యం డబ్బా వెనకే ఉంది. ఈసారి మీ ఇంట్లో మిక్సీయో, ఇస్త్రీ పెట్టెయో ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడితే చెప్పులు వెతుక్కోకండి. మూడో పిన్ను వెనక ఆకుపచ్చ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించండి. చేతిలో పని అయ్యాక పెరట్లో ఆ గుంటకి రెండు బిందెల నీళ్ళు పోసి రండి.